పొదుగు పనితో చెక్క కలాల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

లేత్‌పై సాదా చెక్క కలం చేయడం వచ్చినవారికి తరువాతి మెట్టు పొదుగు పని. ఆ మెట్టు దగ్గర తడబడినవారు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఎక్కువగా చేర్చాను. కలం చేయడానికి కోసుకున్న చదరపు చెక్క కడ్డీని అంతటా దిమ్మ అనే రాశాను. పట్టణాల్లో కొందరు దాన్ని బ్లాంక్ అని కూడా పిలుస్తారు. లేత్ అంటే చెక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రం; అలా చెక్కడాన్నే తిప్పడం అని రాశాను.

పొదుగు కలం అని దేన్ని అనాలి?

ఒక చెక్కలో మరో రంగు చెక్కనో, ఇత్తడి లేదా రాగి రేకునో, తీగనో, రాతి పొడినో, ముత్యపు చిప్ప ముక్కనో ఇమిడ్చి, అంతా ఒకే నునుపుగా చేతికి తగిలేలా తిప్పిన కలాన్ని పొదుగు కలం అంటారు. కళ్లు మూసుకుని బొటనవేలు జరిపినప్పుడు చెక్క ఎక్కడ ఆగిందో, లోహం ఎక్కడ మొదలైందో తెలియకూడదు.

ఈ పని రెండు దారుల్లో సాగుతుంది. మొదటి దారిలో దిమ్మ దశలోనే చెక్కను కోసి, మధ్యలో పట్టీలు పెట్టి అతికి, ఆ తరువాత బెజ్జం వేసి తిప్పుతారు. ఇందులో పొదుగు కలం గోడ మందమంతా ఉంటుంది. రెండవ దారిలో కలాన్ని దాదాపు తుది మందానికి తిప్పాక, పైన గాడి చెక్కి అందులో తీగనో రాతి పొడినో నింపుతారు. మొదటిదానికి కొలత ముఖ్యం, రెండవదానికి చేతి నిలకడ ముఖ్యం. కొత్తవారు రెండవది తేలికనుకుని దానితోనే మొదలుపెడతారు, కానీ నా అనుభవంలో అది తిరగబడిన లెక్క. కారణం తరువాతి జవాబులో ఉంది.

పొదుగుకు ఎంత లోతు దొరుకుతుంది?

అనుకున్నదానికన్నా చాలా తక్కువ. చెక్క కలం లోపల ఇత్తడి గొట్టం ఉంటుంది, చెక్క దాని చుట్టూ తొడుగులా మాత్రమే ఉంటుంది. అందరూ మొదట చేసే సన్నరకం కలాన్నే తీసుకుంటే, గొట్టం బయటి వ్యాసం 7 మిల్లీమీటర్లు, లోహపు భాగాలతో కలిసే కొసల దగ్గర కలం వ్యాసం సుమారు 8.4 మిల్లీమీటర్లు. తేడాను రెండు పక్కలకు పంచితే చెక్క గోడ 0.7 మిల్లీమీటరు మాత్రమే, అంటే చేతి గోరుకన్నా కొంచెం మందం. అక్కడ గాడి చెక్కితే ఉలి కింద వెంటనే ఇత్తడి మెరుస్తుంది. కలం నడుమ భాగాన్ని 11 మిల్లీమీటర్ల వరకు లావుగా ఉంచితే అక్కడ 2 మిల్లీమీటర్ల గోడ దొరుకుతుంది కనుక, పైపొదుగు చేయాలనుకునేవారు లావుపాటి నమూనా ఎంచుకోవాలి, లేదా పొదుగును కొసలకు దూరంగా, నడుమకు పరిమితం చేయాలి.

ఇంకొక సంగతి కూడా ఈ సన్నదనం వల్లే వస్తుంది. లేత రంగు చెక్కలోనూ, పారదర్శకమైన రెసిన్‌లోనూ లోపలి గొట్టం నీడలా కనిపిస్తుంది. గొట్టానికి ముందే తెల్ల రంగో, చెక్కకు దగ్గరి రంగో పూసుకుంటే ఆ బెడద ఉండదు.

ఏ చెక్కలు కలిపితే బాగుంటాయి?

రంగుల ఎడం ఒక్కటే చూసి ఎంచుకోవడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. మేపుల్ వంటి తెల్లని చెక్కలో పడౌక్ వంటి ఎర్రటి పట్టీ చూడటానికి ఎంత అందంగా ఉంటుందో, చేయడానికి అంత పేచీ పెడుతుంది. రంగు పారడం గురించి కింద వేరే రాశాను. రంగుతో పాటు గట్టిదనం కూడా దగ్గరగా ఉండాలి. మెత్తని చెక్క పక్కన చేవదేరిన గట్టి చెక్క ఉంటే, ఇసుక కాగితం మెత్తనిదాన్ని ఎక్కువగా తినేసి, గట్టిది గట్టులా మిగిలిపోతుంది. వాల్‌నట్, మేపుల్ జోడీ మొదటిసారికి నమ్మదగినది. ఎబొనీ, రోజ్‌వుడ్ చూపుకు గొప్పవే, కానీ ఎబొనీ వేడికి సన్నని పగుళ్లు ఇస్తుంది, రోజ్‌వుడ్‌లో సహజంగా ఉండే నూనె జిగురును పట్టనివ్వదు. నూనె చెక్కలను అతికే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు రాయాలి. ఆలస్యం చేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

చెక్క ఎంత ఆరి ఉండాలి?

తేమ 10 శాతం దాటకూడదు, 6 నుండి 8 శాతం మధ్య ఉంటే మంచిది. తేమ కొలిచే పరికరం లేకపోతే దిమ్మను ప్రతి రెండు మూడు రోజులకూ తూచి, బరువు తగ్గడం ఆగిపోయేదాకా వేచి ఉండండి. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా ముడుచుకుంటుంది, లోపలి ఇత్తడి గొట్టం ముడుచుకోదు. ఎటూ పోలేని చెక్క నిలువునా చీలుతుంది. బెజ్జం వేసిన దిమ్మను కూడా ఒక రోజు పక్కన పెట్టి, ఆ తరువాతే గొట్టం అతకడం నాకు అలవాటు.

పరికరాలు ఏవేవి కావాలి?

చిన్న లేత్, దిమ్మను పట్టుకునే మ్యాండ్రెల్, ఎంతవరకు తిప్పాలో చూపే, కొలతకు తగిన లోహపు ఉంగరాలైన బుష్‌లు, 7 మిల్లీమీటర్ల డ్రిల్లు, గొట్టం అంచుతో సమంగా చెక్క కొసను చదును చేసే ట్రిమ్మర్ బిట్టు, రెండు మూడు ఉలులు. పొదుగు కోసం వీటికి తోడు సన్నని రంపం, కోణం తప్పకుండా పట్టి ఉంచే జిగ్, పట్టీల మందం కొలవడానికి వెర్నియర్ క్యాలిపర్ అవసరం. క్యాలిపర్ లేకుండా పొదుగు పనికి దిగవద్దని గట్టిగా చెబుతాను. లేత్ లేనివారు దిమ్మను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, చేత్తోనే తీగ పొదగవచ్చు. కాకపోతే గోడ మందం అంతటా ఒకేలా రావడం కష్టం.

ముడివేసిన ఉంగరాల్లా కనిపించే పొదుగును ఎలా చేస్తారు?

దీనిని కెల్టిక్ ముడి అంటారు. చూసినవారు వంచిన చెక్క అనుకుంటారు కానీ ఇందులో వంచినది ఏదీ లేదు. వెదురు బొంగును ఏటవాలుగా కోస్తే కోత కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది కదా, సూత్రం అదే. చదరపు దిమ్మను 45 డిగ్రీల కోణంలో కోసి, ఆ కోతలో సన్నని పట్టీ పెట్టి, దిమ్మను గుండ్రంగా తిప్పితే ఆ పట్టీ కలం చుట్టూ అలలా పైకీ కిందికీ తిరిగిన ఉంగరంగా కనిపిస్తుంది. అదే చోట, దిమ్మను ప్రతిసారీ 90 డిగ్రీలు తిప్పుతూ నాలుగు కోతలు పెడితే నాలుగు ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూరి ముడిపడినట్లు అవుతాయి.

ముడి కుదరడానికి మూడు షరతులు ఉన్నాయి. పట్టీ మందం రంపం తినే మందంతో సరిగ్గా సమానం కావాలి, ఎందుకంటే రంపం ఎంత చెక్కను పొడిగా చేసిందో పట్టీ అంతే తిరిగి నింపాలి. తక్కువైనా ఎక్కువైనా తరువాతి కోత దగ్గర పాత ఉంగరం మెట్టులా తెగి కనిపిస్తుంది. బల్ల రంపం బ్లేడు రకాన్ని బట్టి 2.4 నుండి 3.2 మిల్లీమీటర్ల వరకు తింటుంది, సన్నని చేతిరంపం ఒక మిల్లీమీటరు లోపే తింటుంది. బ్లేడు మీద రాసిన అంకెను నమ్మకుండా, పనికిరాని ముక్కలో ఒక కోత కోసి దాన్ని కొలవండి. రెండవ షరతు, దిమ్మ కచ్చితమైన చదరం కావాలి. ఒక పక్క 19 మిల్లీమీటర్లు, ఇంకో పక్క 18.5 ఉంటే ఉంగరాలు ఒకేచోట కలవవు. మూడవది, దిమ్మ కొస ప్రతిసారీ ఒకే అడ్డుచెక్కకు ఆని ఉండాలి.

దిమ్మను పూర్తిగా రెండు ముక్కలు చేయకుండా చివర 2 మిల్లీమీటర్లు వదిలేయడం నేను పాటించే పద్ధతి. రెండు భాగాలూ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి కనుక అతికేటప్పుడు మెలిక తిరగవు. కోయకుండా వదిలిన ఆ కాస్త చెక్క తరువాత కనిపించదా అని అడుగుతారు. 19 మిల్లీమీటర్ల దిమ్మను 12 మిల్లీమీటర్లకు తిప్పితే ప్రతి పక్కా 3.5 మిల్లీమీటర్లు పోతుంది, వదిలిన ముక్క ఆ పొట్టులోనే వెళ్లిపోతుంది.

ఒక్కో పట్టీ అతికాక పూర్తిగా ఆరనిచ్చి, బయటికి పొడుచుకువచ్చిన పట్టీ అంచులను దిమ్మతో సమంగా అరగదీసి, ఆ తరువాతే రెండవ కోతకు వెళ్లాలి. ఆ అంచు అర మిల్లీమీటరు మిగిలినా దిమ్మ అడ్డుచెక్కకు సరిగా ఆనదు. నేను మొదట చేసిన ముడిలో మూడు ఉంగరాలు చక్కగా కుదిరి నాలుగవది పక్కకు జరిగింది. వెతికితే కారణం దిమ్మ అడుగున ఆరిపోయిన ఒక జిగురు బొట్టు.

ఏ జిగురు వాడాలి?

చెక్కకు చెక్కను అతకడానికి మామూలు వడ్రంగం తెల్లజిగురు చాలు, కాకపోతే బిగించి ఒక రోజు వదలాలి. అందులో నీరు ఉంటుంది కనుక పట్టీ కొంచెం ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే దిగే పట్టీ, జిగురు రాశాక సగంలో ఇరుక్కుపోతుంది. బొటనవేలితో నొక్కితే జారే వదులు ఉండాలి. లోహానికీ చెక్కకూ, రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు వాడండి, అందులోనూ 5 నిమిషాల రకంకన్నా నెమ్మదిగా గట్టిపడే రకం బలమైనది. సూపర్ గ్లూ గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది కాబట్టి ఉలి తగిలే దెబ్బకు లోహపు అతుకు విడిపోవచ్చు. దానిని రాతి పొడికీ, తుది పూతకూ ఉంచుకోండి.

గొట్టం అతికేటప్పుడు దాని పైభాగాన్ని 150 నంబరు కాగితంతో గరుకు చేసి, కొసలను మైనంతో మూసి, తిప్పుతూ దూర్చాలి. మూయకపోతే జిగురు లోపలికి పోయి, చివరలో కలం భాగాలు బిగించేటప్పుడు అడ్డుపడుతుంది.

లోహాన్ని పొదిగితే ఉలి పాడవదా?

ఇత్తడి, రాగి, అల్యూమినియం మెత్తని లోహాలే, హైస్పీడ్ స్టీల్ ఉలి వాటిని కోస్తుంది. తరచుగా సాన పట్టాలి, అంతే. చిక్కు వేరే చోట ఉంది. రేకును అతికే ముందు రెండు వైపులా 80 నంబరు కాగితంతో గీతలు పెట్టి, అసిటోన్‌తో జిడ్డు తీయకపోతే ఎపాక్సీ దాని నునుపు మీద నిలవదు. ఆ తరువాత బెజ్జం వేసేటప్పుడు, చెక్కలో సాఫీగా దిగుతున్న డ్రిల్లు లోహపు పొర దగ్గరికి రాగానే ఒక్కసారిగా కొరుక్కుని దిమ్మను మెలితిప్పుతుంది. వేగం తగ్గించి, కొద్దికొద్దిగా దింపుతూ, ప్రతిసారీ బయటికి లాగి చల్లారనివ్వండి. లోహం వేడెక్కితే ఎపాక్సీ మెత్తబడుతుంది. దిమ్మను ముట్టుకుంటే చెయ్యి కాలుతోందంటే అప్పటికే ఆలస్యమైనట్లు.

ఇసుక కాగితం వాడేటప్పుడు లోహం నుండి నల్లని, బూడిదరంగు మసి వస్తుంది, లేత చెక్క రంధ్రాల్లో అది ఇంకిపోతుంది. అందువల్ల ఇత్తడికి ముదురు చెక్క జోడీ సుఖం. పైన గాడిలో తీగ పొదిగేటప్పుడు అర మిల్లీమీటరు తీగ చాలు. దాన్ని కొంచెం చదునుగా కొట్టి నిలువు అంచుపై గాడిలో నొక్కితే పట్టు బాగా ఉంటుంది.

రాతి పొడి, ముత్యపు చిప్ప సంగతి?

ఉలికి లొంగే రాయినే ఎంచుకోవాలి. మోస్ గట్టిదనపు కొలమానంలో కాల్సైట్ 3, మాలకైట్ 3.5 నుండి 4, టర్కాయిస్ 5 నుండి 6. క్వార్ట్జ్ 7 కనుక దాని జోలికి పోవద్దు. ముందు ముతక పలుకులు గాడిలో పేర్చి, సందుల్లో మెత్తని పొడి నింపి, పైన పలుచని సూపర్ గ్లూ చుక్కలుగా వేయాలి. ఒక మిల్లీమీటరుకు మించిన పొరను ఒకేసారి నింపితే అడుగు పచ్చిగానే ఉండిపోతుంది. త్వరగా గట్టిపడాలని యాక్సిలరేటర్ గుప్పిస్తే జిగురు నురగ కట్టి, తెల్లని బుడగలు రాయి రంగును చంపేస్తాయి.

ముత్యపు చిప్పను పొడిగా కోయకండి, తడిపి కోయండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మాలకైట్‌లో రాగి ఉంటుంది కాబట్టి దాని ధూళి విషయంలోనూ అదే జాగ్రత్త.

బెజ్జం వేస్తుంటే దిమ్మ చివర పగులుతోంది. ఎందుకు?

డ్రిల్లు అవతలికి వెళ్లే క్షణంలో అక్కడి చెక్కకు వెనుక ఆధారం ఉండదు. దిమ్మను అవసరంకన్నా ఒక అంగుళం పొడవుగా ఉంచి, అవతలికి పోకుండా ఆపి, ఆ కొసను తరువాత కోసేయండి. పొదుగు దిమ్మల్లో నడుమ కూడా పగుళ్లు వస్తాయి; పొట్టు నిండిన డ్రిల్లు వేడికి అతుకులు వదులుతాయి కనుక, డ్రిల్లు గాడి నిండకముందే బయటికి లాగి దులపాలి. నిమిషానికి 500 చుట్ల వేగం సరిపోతుంది. తరువాత తిప్పే పనికి 2,000 నుండి 3,000 చుట్ల వరకు వెళ్లవచ్చు.

బెజ్జం సరిగ్గా నడుమ పడకపోతే సాదా కలంలో ఎవరూ గుర్తించరు. కెల్టిక్ ముడిలో మాత్రం ఒక ఉంగరం లావుగా, ఎదుటిది సన్నగా వచ్చి తప్పు బయటపడుతుంది.

ఎర్ర చెక్క రంగు తెల్ల చెక్కలోకి పారుతోంది. ఎలా ఆపాలి?

ఇసుక కాగితం లేపిన ఎర్రటి ధూళి తెల్ల చెక్క రంధ్రాల్లో చేరడం ఒక కారణం. స్పిరిట్ కలిసిన పాలిష్ ఎర్ర చెక్క రంగును కరిగించి ఈడ్చుకురావడం రెండవది. రెండిటికీ మందు ఒకటే, కాగితం పని తగ్గించడం. అప్పుడే సాన పట్టిన ఉలితో, పేళ్లు వెంట్రుకల్లా వచ్చేంత పలుచగా చివరి కోత తీస్తే 320 నంబరు కాగితంతోనే మొదలుపెట్టవచ్చు. లేత్ ఆపి, కాగితాన్ని కలం పొడవునా నడపండి, చుట్టూ కాదు. ధూళిని గుడ్డతో తుడవకుండా గాలితో ఊదండి. ఆ వెంటనే పలుచని సూపర్ గ్లూ ఒక పూత వేస్తే రంధ్రాలు మూసుకుపోయి, తరువాతి పాలిష్ ఏదైనా రంగు కదలదు. అప్పటికే పారిన రంగును తుడిచి పోగొట్టలేము, మళ్లీ ఉలితో ఒక పొర తీయవలసిందే.

తుది పూతగా ఏది నిలుస్తుంది?

రోజూ రాసే కలానికి సూపర్ గ్లూ పూతనే ఎంచుకుంటాను. 1942లో తుపాకుల గురి పరికరాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతున్నప్పుడు ఈ పదార్థం దొరికింది. తగిలిన ప్రతిదానికీ అంటుకుపోతోందని దానిని పక్కన పెట్టేశారు. 1958లో జిగురుగా అమ్మకానికి వచ్చిన ఆ పదార్థమే నేడు కలాల మీద గాజులాంటి పూతగా ఉపయోగపడుతోంది. లక్క, స్పిరిట్ కలిపిన పాలిష్ మొదటి రోజు బాగా మెరుస్తుంది కానీ చేతి చెమటకు కొన్ని నెలల్లోనే మాసిపోతుంది. పైగా పొదుగు కలంలో చెక్క, లోహం, రాయి మూడింటి మీదా పూత మూడు రకాలుగా పడుతుంది; అన్నిటి మీదా ఒకే మందంతో నిలిచేది సూపర్ గ్లూయే.

మెత్తని కాగితపు రుమాలుతో ఆరు నుండి పది పలుచని పూతలు వేసి, తరువాత 1500 నుండి 12000 నంబరు వరకు ఉండే మెత్తని పాలిషింగ్ బట్టలతో నీళ్లు చల్లుతూ రుద్దాలి. పూత పూర్తి కాకముందు నీరు తగలనివ్వకండి. నూలు గుడ్డ వాడితే సూపర్ గ్లూ దూదితో కలిసి చురుక్కుమనేంత వేడెక్కి పొగ వస్తుంది.

ఆరోగ్యం విషయంలో ఏమి జాగ్రత్త పడాలి?

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ముఖానికి గుడ్డ కట్టుకోవడం చాలదు, ధూళిని ఆపే మాస్కు కావాలి. పడౌక్, రోజ్‌వుడ్ జాతులు కొందరికి దద్దుర్లు, తుమ్ములు తెప్పిస్తాయి. అతికిన దిమ్మ తిరుగుతుండగా ముక్క ఎగిరిపడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కనుక కళ్లద్దాలకన్నా ముఖమంతా కప్పే కవచం మేలు. అవిసె నూనె వంటి ఆరే నూనెలు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, అవి వాటంతట అవే నిప్పంటుకోవచ్చు; పరిచి ఆరబెట్టండి.

లేజర్‌తో కోసిన పొదుగు ముక్కలు కొనుక్కుని చేస్తే అది చేతిపని అవుతుందా?

ఈ ప్రశ్న మీద వాదన తెగదు. ముక్కలను గొట్టం మీద పేర్చి, రబ్బరు బ్యాండ్లతో బిగించి, సందుల్లోకి పలుచని సూపర్ గ్లూ పారించి తిప్పడానికి కూడా నేర్పు కావాలి. అయితే బొమ్మ ఊహ మీది కాదు, కొలత మీది కాదు. అమ్మేటప్పుడు ఆ సంగతి చెబితే నాకు అభ్యంతరం లేదు.

రోజ్‌వుడ్ కలాన్ని విదేశానికి పంపవచ్చా?

అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుండి అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. 2017 జనవరి 2 నుండి రోజ్‌వుడ్‌లు చేరిన డాల్బెర్జియా ప్రజాతిలోని మిగిలిన జాతులన్నీ రెండవ అనుబంధంలోకి వచ్చాయి. ఒక్కో సరుకులో ఆ చెక్క బరువు 10 కిలోలు మించని తయారైన వస్తువులకు 2019 సమావేశం మినహాయింపు ఇచ్చింది కనుక ఒకటి రెండు కలాలకు ఇబ్బంది తక్కువ. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు వర్తించదు. దేశాల సొంత చట్టాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు, పంపే ముందు రెండు వైపులా విచారించండి. ఏ చెక్క ఎక్కడ కొన్నారో రాసిపెట్టుకోవడం మంచి అలవాటు.

తిప్పుతుండగా పొదుగు ముక్క ఊడిపోతే?

వెంటనే లేత్ ఆపి, పొట్టు ఊడ్చకుండా వెతకండి. దొరికితే పలుచని సూపర్ గ్లూతో తిరిగి అతకవచ్చు. దొరకకపోతే అదే చెక్క పేళ్లను నలిపి నింపవచ్చు. ఇసుక కాగితం ధూళితో నింపితే ఆ చోటు ముదురు మచ్చగా తేలుతుంది. వెంట్రుకవాసి సందులకు మాత్రం ధూళి, సూపర్ గ్లూ చాలు.

పూడ్చలేనంత నష్టమైతే చెక్కనంతా ఉలితో గొట్టం దాకా తీసేయండి. ఇత్తడి గొట్టం చెడదు. పాత జిగురు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, కొసలు వంగలేదని సరిచూసుకుంటే మరో దిమ్మకు పనికివస్తుంది. నా బల్ల సొరుగులో ఇప్పుడు అలాంటి గొట్టాలు పదకొండు ఉన్నాయి.